పక్కసీటు నాయుడు కొన్న పంపు

కోయంబత్తూరు పీళమేడులో వెంకటసామి నాయుడి ఇల్లెక్కడని అడిగితే జనం తల గోక్కుంటారు. పక్కసీటు నాయుడి ఇల్లని అడగండి, గుమ్మం దాకా తెచ్చి దింపుతారు.

ఆ పేరు రావడానికి ఆయన భార్య లక్ష్మియమ్మాళ్, ఆమె తండ్రి వాడిన పాత ఫియట్ కారు కారణం. స్టీరింగు పక్కన పొడుచుకొచ్చిన ఆ గేరు ఆమె చేతిలో వెన్నలా కదులుతుంది. ఆయన చెయ్యి పడితే చాలు, వీధి చివరి కుక్కలు కూడా లేచేట్టు అరుస్తుంది. అందుకని ఆమె తోలుతుంది, ఆయన కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకొని పక్కన కూర్చుంటాడు. గేర్ల బాధ లేని కొత్త కారొకటి కొనుక్కొని, ఒక్కసారైనా తన పాత్రల అంగడికి తానే తోలుకుపోవాలని ఆయన ఆశ. పాతది ఉండగా కొత్తది గడప తొక్కదు.

ఒకనాడు ఆ ఫియట్ అవినాశి రోడ్డు నడుమ ఆగిపోయింది. పెట్రోలు పంపు లోపలి పొర చిరిగిందని మెకానిక్ సెంథిల్‌కుమార్ తేల్చాడు.

"బండికి వయసయిపోయె లక్ష్మీ. ఇచ్చేద్దాం" అన్నాడు వెంకటసామి, లోలోపల పొంగిపోతూ.

"నాకూ వయసయి ఉండాది. నన్నూ ఇచ్చేస్తారా?"

"నిన్ను తీసుకొనేవాళ్ళు..."

"ఊఁ, చెప్పుండి. తీసుకొనేవాళ్ళు?"

"పుణ్యం చేసుకొని ఉండాల అంటా ఉండాను."

"ఆ పుణ్యాత్ములు మీరే గదా. పోయి పంపు కొనుక్కొని రాండి."

బండి విడిభాగాలు దొరికే నంజప్ప రోడ్డుకు వెళ్ళే దారిలోనే ఆయన బుర్రలో ఉపాయం మొలిచింది. కుదరని పంపు తెస్తే బండి వాకిట్లోనే మొరాయిస్తుంది. పంపు మార్చినా నడవలేదంటే లక్ష్మియమ్మాళ్ విసిగిపోతుంది. తన చేతికి మట్టి అంటదు.

విడిభాగాల అంగడి కృష్ణరాజ్ బల్ల మీద పంపులు పరిచాడు. "ఇది పాతదాని మాదిరే. ఇంజన్‌తో పాటు ఆడతాది, మెల్లగా తోస్తాది. కార్బురేటర్‌కు అంతే కావాల. ఇది కరెంటుది, దీని తోపుడూ తక్కువే, కాబట్టి సరిపోతాది. ఆ మూలది మాత్రం ముట్టుకోవద్దండి. కొత్త ఇంజెక్షన్ బండ్లది, తోపుడు జాస్తి. మీ బండికి ఒప్పుకోదు."

వెంకటసామి ముఖం దీపంలా వెలిగింది. "అదే ఇవ్వు."

"అన్నా, నేను చెప్పింది వినబడెనా?"

"బాగా వినబడె. ఇది... వేరే బండికి."

పంపు ఇంట్లో పెట్టి, సెంథిల్‌కుమార్ వచ్చి బిగిస్తాడని చెప్పి, మరునాడు పొద్దున్నే తన అంగడికి జారుకున్నాడు.

మధ్యాహ్నానికి భార్య గొంతు ఫోన్‌లో సందేశంగా వచ్చింది. "పంపు వేయించినా. బండి బాగా పోతా ఉండాది. అమ్మను పిలుచుకొని కారమడై గుడికి పోతా ఉండాం."

బాగా పోతోందా? బండి ఇంకా ఎంత దూరంలో చస్తుందో తెలుసుకుందామని ఆయన ఫోన్‌లో ఒక వీడియో తెరిచాడు. అందులో ఎవరో నింపాదిగా చెబుతున్నాడు: కార్బురేటర్ బండికి ఇంజెక్షన్ పంపు పెడితే పెట్రోలు పొంగి పొర్లుతుంది, వేడి ఇంజన్ మీద పడుతుంది, నిప్పంటుకోవచ్చు. ఆ వెంటనే కాలి బొగ్గయిన కారొకటి చూపించాడు.

వెంకటసామి చేతిలోని టీ గ్లాసు జారి, అమ్మకానికి పెట్టిన ఇత్తడి బిందెలో పడింది.

భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, మోగుతూనే ఉంది. బండి తోలేటప్పుడు ఆమె ఫోన్ ముట్టదు. ఇన్నేళ్ళూ ఆయన మెచ్చుకున్న గుణం అదొక్కటే. ఇప్పుడు అదే ఆయన ప్రాణం తీస్తోంది.

అంగడి తలుపులు కూడా వేయకుండా పరుగెత్తి, కారమడై మీదుగా పోయే మేట్టుపాళయం బస్సెక్కాడు. కూర్చోవడానికి చోటుంది, కానీ ఆయన కూర్చోలేదు. తాను నిలబడితే బస్సు వేగంగా పోతుందని ఎందుకో అనిపించింది. పెళ్ళయిన కొత్తలో తనకు సాంబారు నచ్చలేదని ఆమె మళ్ళీ వండిపెట్టిన సంగతి గుర్తొచ్చింది.

తుడియలూరు దాటాక రోడ్డు పక్క పొగ కనిపించింది.

"నిరుత్తుంగ! బస్సు ఆపండి! నా పెండ్లాం! మా అత్త!"

డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బస్సు బస్సంతా ముందుకు ఊగింది. వెంకటసామి దూకి పరుగెత్తాడు. అక్కడ ఒకావిడ తోపుడు బండి మీద మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. ఆమె మర్యాదగా ఒక కంకి చాచింది. ఆయన తిరిగి బస్సెక్కేసరికి జనమంతా చూసిన చూపుకి ఆ కంకి వెనకాల దాక్కోవాలనిపించింది.

కారమడైలో గుడి పక్క వీధిలో ఫియట్ నీడన నిలబడి ఉంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం, లోపల పెట్రోలు పొర్లుతోందేమోనని బానెట్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. భయంలో ఆయనకు అన్నీ పెట్రోలు వాసనలే. పక్కనున్న పూల అంగడిలో బకెట్ లాక్కొని బండి మీద గుమ్మరించాడు. నీళ్ళతో పాటు అందులోని మల్లెపూలు, తులసి కూడా బానెట్ నిండా పడ్డాయి.

"అల్లుడు బండికి పూజ చేస్తా ఉండారా?" వెనకనుంచి అత్తగారు తంగమ్మ గొంతు. పక్కన లక్ష్మియమ్మాళ్, చేతిలో ప్రసాదం.

"దూరం పోండి! అది కాలిపోతాది! నేనే తెచ్చినా, తెలిసే తెచ్చినా! కృష్ణరాజ్ వద్దన్నా తెచ్చినా! బండి చెడిపోతే అమ్మేస్తావని... కాలుతాదని తెలియదు లక్ష్మీ, రంగనాథుడి సాక్షిగా తెలియదు!"

వీధిలో పోయేవాళ్ళంతా ఆగి చూశారు. పూలమ్మే ఆవిడ మాత్రం బకెట్ అడుగుతోంది.

లక్ష్మియమ్మాళ్ నెమ్మదిగా అంది. "మీ పంపు చూసి సెంథిల్‌కుమార్ బిగించనే లేదు. పాపం, అయ్యకు తెలియక కొనిండారు అనె. నేనూ అట్లే అనుకుంటి. కృష్ణరాజ్ దగ్గరికి పోయి, పాత మాదిరి పంపుకు మార్చుకొని వస్తి. మీకు చెప్తే నొచ్చుకుంటారని చెప్పలా."

అంటే నోరు మూసుకొని అంగడిలో కూర్చుంటే ఏ గొడవా లేకపోయేది. వెంకటసామి తడిసిన బానెట్ మీద చెయ్యి ఆనించుకొని నిలబడ్డాడు.

"సరి, బండి మీద అంత పగ ఎందుకు?"

"నాకు ఆ గేరు రాదు" అన్నాడు ఆయన, చిన్నపిల్లాడిలా. "ఎప్పుడూ సంచీ పట్టుకొని పక్కన కూర్చోవాల."

ఆమె కొంగు ముడి విప్పింది. తర్వాత తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "అడిగింటే నేర్పించేదాన్ని గదా. ఎక్కండి, ఆ పక్క."

తంగమ్మ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "నేను బస్సులో పోతా."

"అత్తా, పంపు మార్చేసినారంట. ఇంక భయం లేదు."

"పంపుకు ఎవరు భయపడిరి?" అంటూ ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఆ సాయంత్రం ఫియట్ కారమడై నుంచి పీళమేడుకు రెండో గేరులోనే వచ్చింది. వెనక లారీలు హారన్లతో కచేరీ పెట్టాయి. సైకిలు మీద పోయే ముసలాయన దాటిపోతూ జాలిగా చూశాడు. లక్ష్మియమ్మాళ్ ప్రసాదం ఒళ్ళో పెట్టుకొని పక్కసీటులో కూర్చుంది.

వాకిట్లో బండి ఆగేసరికి తంగమ్మ తిన్నె మీద కూర్చొని కాఫీ తాగుతోంది. తలకు స్నానం చేసి జుట్టు ఆరబోసుకొని ఉంది.

"రండి అల్లుడా" అంది. "ఇంకాసేపు చూసి, మళ్ళీ బస్సెక్కి దారంతా మిమ్మల్ని వెతుకుదామా అనుకుంటి."