అర్థమైనట్టు సంతకం

ఆ చొక్కాల ఫ్యాక్టరీకి చట్టమంటే ఉన్నంత భక్తి మరెవరికీ ఉండదు. పనివాళ్లకు నెలనెలా జీతం చీటీ ఇవ్వాలని, ఎంత ఇచ్చారో, ఎంత కోశారో, ఎందుకు కోశారో వాళ్లకు అర్థమయ్యేలా రాయాలని చట్టం చెప్పింది. యాజమాన్యం ఇస్తోంది. అర్థం కావడమన్నది పనివాడి తెలివికి సంబంధించిన విషయం కాబట్టి ఆ భారం అతనికే వదిలేసి, రుజువు కోసం ఒక రిజిస్టరు పెట్టింది. పిన్ను కొట్టి మూసిన చీటీ చేతికిచ్చే ముందు 'చదివితిని, అర్థమైనది' అన్న గడిలో సంతకం తీసుకుంటారు. చదివాక సంతకమంటే క్యూ కదలదని పనివాళ్లే ఒప్పుకున్నారు. వాళ్ల సహకారాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

కటింగ్ మాస్టరు పధ్నాలుగేళ్లు ఆ గడిలో సంతకం పెట్టాడు. గుడ్డలో అరంగుళం తేడా వస్తే దూరం నుంచే పట్టేసే మనిషి, చీటీని మాత్రం పిన్ను తీయకుండా బీరువాలో దాచేవాడు. తీసి చూడడమంటే అన్నం పెట్టే చేతిని అనుమానించడమేనని అక్కడి మర్యాదస్తుల అభిప్రాయం. మీకు తెలియనిదేముంది, మర్యాదస్తులు అన్నిచోట్లా ఉంటారు.

ఇంతలో ఆయన భార్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. గ్లాసులో పోయాల్సిన నీళ్లు బల్ల మీద పోయసాగింది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నాడు డాక్టరు. అప్పుడు మాస్టరుకు పీఎఫ్ గుర్తొచ్చి చీటీలన్నీ విప్పాడు. చీమ తలకాయంత అక్షరాల్లో ప్రతి నెలా పీఎఫ్ కోత ఉంది. దాని కింద 'చీటీ ముద్రణ ఖర్చు', దాని కింద 'గత సవరణకు సవరణ', అన్నిటికంటే కింద 'ఇతరములు' ఉన్నాయి.

పీఎఫ్ ఆఫీసులో గుమాస్తా వెతికి, మొదటి ఏడాది తర్వాత ఆయన పేరున చిల్లిగవ్వ కూడా జమ కాలేదని చెప్పాడు. కంపెనీ మీద ఫిర్యాదు చేయవచ్చా అని మాస్టరు అడిగితే, చేయడం మీ హక్కు అన్నాడు. కాకపోతే ఫారం మీద కంపెనీ ముద్ర వేయించుకురావాలట.

ముద్ర కోసం వెళ్లిన మాస్టరు మీద మేనేజరు కోప్పడలేదు. టీ తెప్పించి, రిజిస్టర్లన్నీ ముందు పేర్చాడు.

"అర్థమైందని నూట అరవై ఎనిమిది సార్లు మీరే రాసిచ్చారు మాస్టారూ. ఇప్పుడు అర్థం కాలేదంటే అన్నిసార్లూ కంపెనీకి అబద్ధం చెప్పినట్టే కదా? చట్టం చాలా చెడ్డది. మీ మంచి కోరి చెబుతున్నా."

అడగడానికి వెళ్లినవాడు క్షమాపణ రాసిచ్చి బయటపడ్డాడు.

అయితే యాజమాన్యానిది వెన్నలాంటి మనసు. ఆపరేషన్ ఖర్చు మానవతా దృక్పథంతో తానే భరిస్తానని ప్రకటించి, గోడౌన్‌లో సభ పెట్టింది. ఇచ్చిన మొత్తం, పీఎఫ్ కింద కోసినదాంట్లో పావు వంతుంటుంది. యజమాని మైకు ముందు గొంతు సవరించుకుని, "ఇది కంపెనీ కాదు, కుటుంబం. కుటుంబంలో లెక్కలడగరు" అన్నాడు. చప్పట్లతో గోడౌన్ దద్దరిల్లింది. అందరికంటే ఆలస్యంగా చప్పట్లు ఆపింది కటింగ్ మాస్టరే. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. భార్య పెళ్లికి ముందు బట్టల షాపులో బిల్లులు రాసిన మనిషి. చూపు ఎలా ఉందో చూసుకుందామని, బల్ల మీదున్న ఆ నెల చీటీ అందుకుని పిన్ను తీసింది. ఎన్నాళ్లకో అక్షరాలు స్పష్టంగా కనిపించిన సంతోషంలో పై నుంచి కింది దాకా చదివేసింది.

"ఏవండీ, పీఎఫ్ అని కోసిన డబ్బు మనదే కదా? అందులోంచి కొంత తీసి మనకే సాయం అని ఇచ్చారు. ఇప్పుడు 'సాయం వాయిదా' అని మళ్లీ మన జీతంలోనే కోస్తున్నారు. ముప్పై ఆరు నెలలట. అడగరా మీరు?"

మాస్టరు లేచి వెళ్లి కిటికీ మూశాడు. ఆమె చేతిలోని చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు.

"నీకు కళ్లిచ్చింది వాళ్లు," అన్నాడు. "ఆ కళ్లతోనే వాళ్ల తప్పులు వెతుకుతావా?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే నొచ్చుకున్నాడు.