ధనంజయ నోటికి కరక్కాయ

ఆ ఉదయం శ్రీకాళహస్తిలో కలంకారీ ధనంజయ పెట్టుకున్న పనులు రెండే. నోరు బాగుచేసుకోవడం, ఢిల్లీకి ఎంపిక కావడం. అక్కడి ప్రదర్శనలో కూర్చుని బొమ్మ వేసే మనిషిని ఎంచడానికి ఆఫీసరు పది గంటలకు వస్తాడు. నిరుడూ వచ్చాడు. ధనంజయ బొమ్మ గురించి చెబుతూ ముందుకు వంగినకొద్దీ ఆయన వెనక్కి జరిగి, జరిగి, వీధిలో పడి, అటునుంచి అటే జీపెక్కాడు. తన నోటి కంపే కొంప ముంచిందని ధనంజయ తేల్చుకున్నాడు.

ఆ సంగతి ముందురోజు రాత్రి పక్కింటి మునిశేఖర్ చెవిన వేయడమే పొరపాటు. తెల్లారేసరికి వీధి వీధంతా వైద్యులై, ఇంటికొక ఆకు పట్టుకుని దిగారు. ధనంజయ వేపపుల్ల నమిలాడు, జామాకు నమిలాడు, పుదీనా కట్ట కట్టంతా నమిలాడు. ఎదురింటి మేక తన వంతు పోయిందని ఒకటే అరుపు. గుప్పెడు లవంగాలకు నాలుక మొద్దుబారింది.

"ఇంగ సాలు. మేక మాదిరి ఏంది ఆ మేత?" అంది భార్య దేవకమ్మ.

"నీకేం తెలుసు, ఊరుకోమే."

"కరక్కాయ పెట్టుకోన్నా బుగ్గన," అన్నాడు మునిశేఖర్. "దాన్ని మించిన మందు యాడుండాది? మీ ఇంట్లో మూటే ఉండాది గదా."

ఉంది మరి. కలంకారీ గుడ్డను ముందుగా నానబెట్టేది కరక్కాయ నీళ్లలోనే. ధనంజయ నాలుగు ముక్కలు దట్టించి, రసం నోరంతా పట్టించి, ఎప్పటి చోటే కూర్చున్నాడు. పక్కనే రంగు కుండ. తుప్పు ఇనుము, బెల్లం వేసి నెల రోజులు పులియబెట్టిన నీళ్లు అందులో ఉన్నాయి.

ఆఫీసరు వచ్చాడు. ధనంజయ కలం ముంచాడు. వెదురు కలం కొసను నాలుకతో సరిచేసుకోవడం ధనంజయకు ముప్ఫై ఏళ్ల అలవాటు. గీతకొకసారి సరిచేసుకున్నాడు. మొద్దుబారిన నాలుకకు ఏ తేడా తెలియలేదు.

"ఈ నీళ్లకు రంగే లేదు సార్. కరక్కాయ పట్టినచోట తగిలితే మాత్రం కాటుక నలుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు," అని చెప్పి, ఢిల్లీ ఖాయమనుకుని నిండుగా నవ్వాడు.

ఆఫీసరు గోడకు కరుచుకుపోయాడు.

"ఇంగా కంపు కొడతా ఉండానా సార్?"

"కంపు ఆ కుండదయ్యా. నిరుడు నేను పారిపోయింది దానికే. ఇప్పుడు మీ పళ్లు చూసి భయపడినాను."

దేవకమ్మ అద్దం తెచ్చి ముందు పెట్టింది. గుడ్డ మీద ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న నలుపును ధనంజయ తన పళ్ల మీద, నాలుక మీద చూసుకుని నోరు మూశాడు. ఇక తెరవలేదు. నీళ్లు కాస్త చిప్పలోకి వంపుకుని, కుండను పెరట్లో పెట్టొచ్చి, ఆఫీసరు అడిగినదానికల్లా దేవకమ్మే బదులు చెప్పింది, ఇన్నేళ్లూ మొగుడి పక్కన కూర్చుని గీసిన చేత్తోనే కలం పట్టి గీసి చూపింది.

ఢిల్లీకి దేవకమ్మ పోయింది, పదిహేను రోజులు బొమ్మలేసి తిరిగొచ్చింది. ధనంజయ ఆఫీసరుకు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు, నలుపు అప్పటికీ పోలేదు.