మా వదిన కోటు: అసలూ నకలూ

ఈ నగరంలో ప్రతి మనిషికీ ఒక సొంత స్టయిల్ ఉండి తీరాలని పెద్దలు తీర్మానించారు. లేనివాళ్ళు నెలాఖరులోగా తెచ్చుకోవాలి. తెచ్చుకున్నది ఇంకొకరిదై ఉండకూడదు.

తీర్మానం మంచిదే. అప్పటిదాకా జనం ఎండకి ఎండబట్టలు, వానకి వానబట్టలు వేసుకుని, సిగ్గు లేకుండా ఒకరిలా ఒకరు తిరిగేవాళ్ళు. బయటినుంచి వచ్చినవాళ్ళు మన వీధులు చూసి పెదవి విరుస్తున్నారట. (ఎక్కడివాళ్ళో చెప్పలేదు. విరిచిన మాట మాత్రం నిజమట.)

అందుకని వీధి వస్త్ర శాఖ పుట్టింది. దానికో యాప్ పుట్టింది. పేరు ‘నా తీరు’. ఫోను ముందు నిలబడి ఫొటో దిగితే, అది మనిషిని కిందినుంచి మీదికి చూసి ఆ తీరు ఎవరిదో తేలుస్తుంది. ఇంకెవరిదీ కాకపోతే మీదే. మా అన్నయ్య నిలబడితే కాసేపు గుండ్రంగా తిరిగి, ‘మనిషి కనబడలేదు, వెలుతురులోకి రండి’ అంది. అన్నయ్య ఎండలోనే ఉన్నాడు.

కాలాల సంగతీ ఆ శాఖే చూస్తుంది. ఇదివరకు చలికాలం దానంతటదే వచ్చేది. ఇప్పుడు ఉత్తర్వు వచ్చాక వస్తుంది. ఉత్తర్వు మీద సంతకం పెట్టే గదిలో ఏసీ ఉంది. ఆ గదిలో ఏడాది పొడుగునా చలే. కాబట్టి మా ఊరికి చలికాలం తొందరగానే వస్తుంది. పోవడమే కష్టం.

ఇక మా వదిన.

వదిన బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటిస్తుంది. నాలుగు రోడ్లు కలిసే చోటు అది. ఓ పక్క బడి, ఎదురుగా కాఫీ కొట్టు, కొట్టు గోడకి ఆనుకుని నా చెప్పులు కుట్టే పెట్టె. వదిన చేతిలో ‘ఆగు’ అని రాసిన గుండ్రటి పలక ఉంటుంది. నిజానికి ఆవిడకి పలక అక్కర్లేదు, నోరుంది. వయసులో నాకంటే చిన్నది. వరసలో పెద్దది. ఆ రోడ్డు మీద అందరికంటే పెద్దది.

పొద్దున బడి పెట్టేవేళ చలి. మధ్యాహ్నం చిన్న తరగతులు వదిలేవేళ ఎండ. సాయంత్రం పెద్దపిల్లలు వచ్చేవేళ వాన. మధ్యలో ఇంటికెళ్ళి బట్టలు మార్చుకునే తీరిక లేదు. అందుకని మూడు కాలాలూ ఒంటిమీదే మోసుకొస్తుంది. అడుగున బూడిదరంగు స్వెట్టరు. పలక ఎత్తడానికి అడ్డమొస్తున్నాయని దాని చేతులు మోచేతుల దగ్గర కత్తిరించేసింది. దానిమీద అన్నయ్యది, వెలిసిపోయిన నారింజరంగు వానకోటు. అన్నయ్య రోడ్లు వేసే పనిలో ఉన్నప్పుడు అక్కడ ఇచ్చిన కోటు అది. చేతులు పొడుగని మూడు మడతలు పెడుతుంది. తలమీద టోపీ, అది ఎగిరిపోకుండా మఫ్లరు. కాళ్ళకి రబ్బరు బూట్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. రెండు జతల్లో చెరో బూటూ చిరిగితే, మిగిలిన రెంటికీ పెళ్ళి చేసింది.

పిల్లలకి ఆ కోటే గుర్తు. అందుకే కోటమ్మ అని పిలుస్తారు. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూడమని బళ్ళో నేర్పారు. వాళ్ళు అటూ చూడరు, ఇటూ చూడరు. కోటు కదిలితే కదులుతారు, ఆగితే ఆగుతారు.

ఒకనాడు ఫోను పిల్ల వచ్చింది. (అసలు పేరు తెలియదు. ఫోను పట్టుకున్న చెయ్యి దించగా నేను చూడలేదు.)

“ఆంటీ, ఒక్క ఫొటో తీసుకోనా?”

“నాదా? ఎందుకే తల్లీ?”

“మీ బూట్లు ఎంత బావున్నాయో. కావాలనే అలా వేసుకున్నారా?”

“కావాలని కాదు, ఉన్నాయని.”

“అబ్బ! ఏం చెప్పారు ఆంటీ!” అని ఆ పిల్ల ఆ మాట కూడా ఫోన్లో ఎక్కించుకుంది.

“రోడ్డు దాటుతావా?” అంది వదిన.

“లేదాంటీ.”

“అయితే జరుగు. వెనకాల లారీ.”

వారం తిరక్కుండా ఫోను పిల్ల వదినలాగే తయారై వచ్చింది. అదే నారింజ కోటు, అవే మడతలు, ఎరుపూ నలుపూ బూట్లు. ‘కాలాల నడుమ’ అని పేరు పెట్టి తన తీరుగా యాప్‌లో నమోదు చేయించుకుంది. ఇంకొకరి తీరు వేసుకోకూడదని రూలుందిగానీ, నమోదైన యజమాని ఒప్పుకుంటే ‘అనుచరులు’ కావచ్చని దానికింద చిన్న అక్షరాల్లో ఉంది. పిల్ల మంచిది. అడిగినవాళ్ళందరికీ ఒప్పుకుంది.

ఇక చూడాలి. కొట్లలోకి కోట్లు దిగాయి. ఫ్యాక్టరీలోనే వెలిసిపోయిన కోట్లు. చేతులు మూడు మడతలు పెట్టి కుట్టేసి, ‘మడత విప్పరాదు’ అని చీటీ తగిలించారు. బూట్ల జతలు విడగొట్టి, విడగొట్టిన శ్రమకి ధర పెంచారు. స్వెట్టర్ల చేతులు కత్తిరించి, ఆ చేతుల్ని విడిగా అమ్మారు. (అవి వచ్చే ఏటికి పనికొస్తాయట.)

అన్నయ్య కిటికీలోంచి చూసి నిట్టూర్చాడు. “ఆ కోటు వేసుకుని నా వయసంతా తారు పోశాను. ఒక్కడంటే ఒక్కడు ఫొటో తియ్యలేదే.”

“కోటొక్కటీ చాలదు. దాంట్లోంచి మొహం కూడా కనబడాలి” అంది వదిన.

అప్పటికింకా నవ్వుతూనే ఉంది.

ఒక పొద్దున రెండో తరగతి మొత్తం కాఫీ కొట్టులో తేలింది. నారింజ కోటు వేసుకున్న ఎవరో అమ్మాయి కాఫీకి పోతుంటే, పిల్లలు కోటమ్మే అనుకుని వరసగా వెనకాలే నడిచారు. కొట్టతను అందర్నీ కూర్చోబెట్టి, “బిల్లు ఒకటేనా, విడివిడిగానా?” అని మర్యాదగా అడిగాడు. టీచరమ్మ హాజరు అక్కడే తీసుకుంది. ఇంకోరోజు ఒక పిల్లాడు ఇంకో కోటు వెనకాల క్షవరం షాపుకెళ్ళి, జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. వాళ్ళమ్మ సంతోషించింది. ఆదివారం పని తప్పింది కదా.

మూడోది అలా జరగలేదు. నారింజ కోటు కుర్రాడొకడు ఫోను చూసుకుంటూ ఎర్రలైటులో రోడ్డు మీదికి దిగాడు. వెనకాల చెయ్యి చెయ్యి పట్టుకుని ఒకటో తరగతి పిల్లలు దిగారు. లారీ బ్రేకు చప్పుడుకి నా చేతిలో సూది కిందపడింది. ముందున్న పిల్ల టిఫిన్ డబ్బా లారీ చక్రం కింద అప్పడమైంది. పిల్ల దాని పక్కనే నిలబడి ఉంది.

కుర్రాడు వెనక్కి తిరిగి చూడలేదు. చెవుల్లో పాట.

ఆ రోజు వదిన ఎవర్నీ తిట్టలేదు. మా ఇంట్లో దాన్ని జబ్బు కింద లెక్కేస్తాం.

మర్నాడు, “అబ్బాయ్, తోడు రా” అంది. శాఖ ఆఫీసుకి వెళ్ళాం. మాకు పోలికల అధికారి తగిలాడు. ఎవరు ఎవర్ని పోలి ఉన్నారో తేల్చడం ఆయన ఉద్యోగం. ఏసీకి వణుకుతూ రెండు స్వెట్టర్లు వేసుకున్నాడు. (నడివేసవిలో కూడా అంతేనట. ఆయనకి మినహాయింపు ఉంది.)

“ఏ కాలపు తీరు నమోదు చెయ్యాలమ్మా?”

“పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం వాన.”

“ఒకటే చెప్పాలి.”

“ఆ మాట మబ్బుకి చెప్పండి.”

ఆయన అది రాసుకోలేదు. వదినకి ఫొటో తీసి, తెర చూసి, పాపం అన్నట్టు తల ఊపాడు. “ఇది వేరేవాళ్ళ తీరమ్మా. మీరు నకలు.”

“ఆ పిల్ల నన్ను చూసి వేసుకుంది బాబూ!”

“కావచ్చు. కానీ ముందు నమోదైంది తను. ఇంతకీ ఈ కోటు మీదేనా?”

“మా ఆయనది.”

“అంటే మొదట్నుంచీ మీది కాదన్నమాట” అని ఆయన ఎంతో తృప్తిగా టిక్కు పెట్టాడు. “పోనీ, ఆ అమ్మాయికి అనుచరురాలిగా చేరతారా? అయ్యో, జాబితా నిండిపోయింది.”

“కోటు మీరే ఉంచుకోండి” అంది వదిన. గొంతు తగ్గించి అంది. నాకు భయమేసింది. “నాకు కోటు అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. రోడ్డు మీద పసిపిల్లలు ఎవరి వెనకాల నడవాలో అదొక్కటీ చెప్పండి. నిన్న లారీ కిందికి పోబోయారు.”

పోలికల అధికారి రూళ్ళన్నీ తిరగేశాడు. వెతకలేదని అనకూడదు. చాలాసేపు వెతికాడు. “వేసుకోవడం గురించి ఉందమ్మా. వెనకాల నడవడం గురించి లేదు. పైకి రాస్తాను” అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. “మీరు?”

“మరిదిని.”

“మీ తీరు?”

“లేదు.”

“అదృష్టవంతులు” అన్నాడు, గొంతు తగ్గించి.

మర్నాటినుంచి వదిన కోటు వేసుకోలేదు. నకలు పట్టుబడితే పలక లాక్కుంటారని ఉత్తర్వు. మంచం మీది దుప్పటి ఒకటి కప్పుకుని రోడ్డు మీద నిలబడింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. పిల్లలు గేటు దగ్గరే ఆగిపోయారు.

“రండ్రా.”

“కోటమ్మ రాలేదు” అన్నాడొక బుడ్డోడు, ఆవిడ మొహంలోకి చూస్తూ.

“నేనేరా కోటమ్మని!”

“నీకు కోటు లేదుగా.”

అదే సమయానికి అవతలి పక్క ఓ నారింజ కోటు కదిలింది. బుడ్డోడి కాలు అటు పడింది. వదిన పలక కింద పారేసింది.

“ఒరేయ్ గుండు వెధవా! ఆ కాలు ఇంకొక్క అడుగు వేసిందంటే రెండు చెవులూ మెలిపెట్టి మీ అమ్మకి కొరియర్‌లో పంపిస్తా! లైన్లోకి రండి అందరూ!”

కాఫీ కొట్టులో జనం లేచి నిలబడ్డారు. బస్సొకటి ఆగింది. నేనూ లైన్లోకి వెళ్ళబోయి తమాయించుకున్నాను. పిల్లల మొహాలు మాత్రం విప్పారాయి. “కోటమ్మే!” అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటూ చేతులు పట్టుకున్నారు. ఆ రోజునుంచీ వాళ్ళు చూసి నడవడం మానేశారు. విని నడుస్తున్నారు. చలికాలమంతా ఒక్క పిల్లకి ఒక్క గీత పడలేదు. వదినకి మాత్రం గొంతు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.

ఈలోగా పోలికల అధికారి మాట నిలబెట్టుకున్నాడు. పైకి రాశాడు. పైవాళ్ళు తీవ్రంగా ఆలోచించారు. పిల్లలు నారింజ కోట్ల వెనకాల నడుస్తున్నారు కాబట్టి, నారింజ కోటు వేసుకున్న ప్రతివాళ్ళనూ రోడ్డు దాటించే సహాయకులుగా పరిగణిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ లెక్కన నగరంలో ప్రతి మూలా సహాయకులే. ఇంతమంది ఉచితంగా దొరికాక, కోటు కూడా లేని ఒక మనిషికి జీతం దేనికన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. దానికి జవాబు కూడా అదే ఉత్తర్వులో, కింద, చిన్న అక్షరాల్లో ఉంది.

వదిన చదివించుకుని విన్నది. “పోస్టు తీసేశారన్నమాట.”

“ఔను వదినా.”

“రోడ్డు తీసేశారా?”

“లేదు.”

“అయితే తెల్లారే లేపు” అంది.

తర్వాత వేసవి ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఒక్క నారింజ కోటు లేదు. అందరూ తెల్ల చొక్కాలూ గడ్డి టోపీలూ. సహాయకుల సంఖ్య ఒక్క పూటలో సున్నా అయిందని శాఖ గమనించింది. గమనించి, వచ్చే చలికాలానికి మళ్ళీ పెరుగుతుందని నమోదు చేసుకుంది. అంతవరకూ పిల్లలు ఎవరి వెనకాల నడవాలన్నది ఋతువుల మధ్య ఖాళీ కింద చూపించారు.

మొన్న బడి ఎదురుగా పెద్ద ఫొటో బోర్డు కట్టారు. ‘ఈ చలికాలం మన పిల్లలు క్షేమం! స్టయిల్‌గా, భద్రంగా!’ అని రాసుంది. నడిరోడ్డు మీద ఫోను పిల్ల, నారింజ కోటులో, ఒక చెయ్యి ఎత్తి నవ్వుతోంది. రెండో చేతిలో ఫోను. చుట్టూ ఒకటో తరగతి పిల్లలు. ఆ పిల్లకి సన్మానం కూడా చేశారట. మంచి పిల్లే, ‘అంతా ఒక ఆంటీ దయ’ అందట. ఏ ఆంటీయో ఎవరూ అడగలేదు.

వదిన పలక చంకలో పెట్టుకుని తలెత్తి చూసింది. “చేతులు సరిగ్గా మడవలేదు” అంది. ఇంతలో బడి గంట కొట్టారు. వెళ్ళిపోయింది.

నేను పెట్టె దగ్గర్నుంచి లేచి, దగ్గరగా వెళ్ళి చూశాను. ఆ బొమ్మలో మా వదిన కూడా ఉంది. వెనకాల, మసగ్గా, దుప్పటి కప్పుకుని. లారీ ఆపుతోంది.