నాంచారమ్మ పెరట్లో వేపనీడ

ఆ ఊళ్లో వేసవి పెరటి పనులన్నిటిలోకీ ఒళ్లు హూనమయ్యే పని, సాయంత్రం పూట చెట్ల నీడలు మడతపెట్టి లోపల పెట్టుకోవడం. పాదులకు నీళ్లు పోయడం, మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరవడం, వంగమొక్కల మీద బూడిద చల్లడం ఎవరైనా చేస్తారు. నీడ మడతపెట్టడానికి మాత్రం చెయ్యి తిరగాలి. పొద్దు వాలేకొద్దీ నీడ సాగుతుంది. సాగి సాగి గోడ దాటిందంటే, పురపాలక సంఘం నిబంధన ప్రకారం అది పక్కింటివాళ్లదైపోతుంది. అలాగని తొందరపడి ఎండ ఉండగానే లాగేస్తే మల్లెచెట్టు వడిలిపోతుంది. పోనీలే అని రాత్రంతా బయట వదిలేస్తే వడగాలికి పెళుసెక్కి, తెల్లారేసరికి అప్పడంలా విరుగుతుంది.

నాంచారమ్మకు ఈ పనిలో పేటంతా పేరుంది. పొడి నీడను మడిచిందని ఆమెను ఎవరూ అనలేరు. పొడిగా మడిస్తే మడత దగ్గర చీలి, మర్నాడు ఆ చీలికల్లోంచి ఎండ కారుతుంది. అందుకని ముందు బియ్యం కడిగిన నీళ్లు చిలకరించేది. బొప్పాయి నీడ పలచన, దాన్ని లాగకూడదు. కొబ్బరి నీడ జారుడు. కరివేప నీడ చేతిరుమాలంత, నీళ్లు పిండి తీగ మీద ఆరేస్తే సరి. బరువంతా వేపనీడదే. దాన్ని పట్టుచీర మడతపెట్టినట్టు ఒక కొస గడ్డం కింద అదిమిపట్టి, చేతులు బారచాపి మడిచేది. తడి గోనెసంచిలో చుట్టి వసారాలో పెట్టి, పొద్దున్నే ఎండ పెరట్లోకి రాకముందే మళ్లీ చెట్టు కింద పరిచేది.

ఇంత చాకిరీ సరదాకి కాదు. మొగుడు పేరయ్య బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా ఇంజను పక్కన కూర్చుని వేగాడు. ఉద్యోగం అయిపోయాక ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఎండ తగిలితే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. ఇల్లు చూస్తే రేకుల ఇల్లు, పొద్దున అంబలి తాగే వేళ దాటితే పొయ్యిలో కూర్చున్నట్టే ఉంటుంది. వేసవంతా ఆయన బతికేది వేపచెట్టు కింద నులక మంచం మీద. కాబట్టి నాంచారమ్మ మడతపెట్టి దాచుకునేది నీడనని చెప్పుకున్నా, నిజానికి దాచుకునేది మొగుణ్ణే.

దుప్పటి కట్టుకోవచ్చుగా అని పైఊరి చుట్టాలు అడుగుతుంటారు. వాళ్లకి తెలీదు. వెనకటి పాలకవర్గం ఒకటి తీర్మానం చేసి ఊళ్లోని గుడ్డల నీడలన్నీ, గొడుగులూ చాపలతో సహా, బహిరంగ సభల వేదికలకు దఖలు పరిచింది. అప్పట్నించీ అక్కడ దుప్పటి కడితే పైన దుప్పటి ఉంటుంది, కింద ఎండ ఉంటుంది. జనం అలవాటు పడిపోయి, గొడుగులు వానకి మాత్రం వాడుకుంటున్నారు.

ఆ ఏడు పురపాలక సంఘంవారు ఉత్తమ పెరటి నీడ పోటీ పెట్టారు. నాంచారమ్మ పేరిచ్చింది. గోడ అవతల ఉండే రమీజాబీ వద్దంటూనే ఉంది.

"అక్కా, పేరియ్యమాక. మనది బాగుందని పైవాళ్లకి తెలిస్తే అది మన దగ్గర ఉండదు."

"బాగా చేసుకున్నదాన్ని బాగుందంటే ఏం పోయిద్దే? ఒక్కళ్లన్నా చూడొద్దా?" అంది నాంచారమ్మ.

ఇన్నేళ్ల చాకిరీకి ఎవరైనా ఒక్క మాట అంటే వినాలని ఆమెకు ఆశగా ఉండేది. అంతకు మించి ఏమీ లేదు. పోటీలో మొదటి బహుమతి వచ్చింది. గోడ గడియారం ఇచ్చారు. దాన్ని పేరయ్యకు కనపడేలా వసారాలో తగిలించి రెండు రోజులు మురిసిపోయింది.

వారం తిరక్కుండానే నీడల ఇన్‌స్పెక్టరు శ్రీహరిరావు ఇద్దరు కూలీలతో వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. పెద్ద రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడి చెట్లన్నీ కొట్టేశారు కదా, ఇప్పుడు ఎవరో ప్రముఖులు 'చల్లని పట్టణం' పథకం ప్రారంభించడానికి ఆ దారినే వస్తున్నారు. కాబట్టి రోడ్డు పొడుగునా పరవడానికి నీడలు సేకరిస్తున్నారు. చిరిగినవీ మాసినవీ తీసుకోరు. బహుమతి వచ్చిన నీడలకు ప్రాధాన్యం.

"మరి మా ఆయన్ని యాడ పడుకోబెట్టేది బాబూ?" అని అడిగింది నాంచారమ్మ.

"అది ఆరోగ్య శాఖ చూసుకుంటుందమ్మా. మాది నీడ వరకే."

"ఎన్నాళ్లకి తిరిగిస్తారు?"

"వాళ్లు వచ్చి వెళ్లగానే ఇచ్చేస్తాం. మీ వస్తువు మాకెందుకమ్మా."

కూలీలు పేరయ్యను మంచంతో సహా పక్కకి జరిపారు. తర్వాత నీడను రెండు కొసలు పట్టుకుని పొడిపొడిగానే చుట్టడం మొదలుపెట్టారు. నాంచారమ్మ చూడలేకపోయింది. "ఆగండయ్యా, అట్టా చుడితే చీలిపోయిద్ది" అని లోపలికి పరిగెత్తి కడుగునీళ్లు తెచ్చి చిలకరించింది. కొస గడ్డం కింద పెట్టుకుని, మడత మీద మడత వేసి, గోనెసంచిలో చుట్టి, తన చేతులతోనే కూలీల నెత్తికెత్తింది. వాళ్ల బండి సందు మలుపు తిరిగాక గానీ ఏం చేసిందో ఆమెకు తట్టలేదు. తట్టాక మాత్రం తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

వేపచెట్టు ఉన్నచోటే ఉంది. గాలికి ఆకులు ఊగుతున్నాయి. కింద మాత్రం నడివీధిలో ఉన్నంత ఎండ. రమీజాబీ తన జామనీడ తెచ్చి గోడ మీంచి ఇటు వేసింది. ఆమె ఏనాడూ దాన్ని సరిగ్గా మడవలేదు, అందుకే ఇన్‌స్పెక్టరు దాని వంక చూడలేదు. అది జల్లెడలా ఉంది. ఎండ పేరయ్య మీద చుక్కలు చుక్కలుగా పడింది. చుక్క పడ్డచోటల్లా చర్మం కందింది. నాంచారమ్మ పొద్దంతా మంచాన్ని ఇటూ అటూ జరుపుతూనే ఉంది. పాదులకు నీళ్లు పోయడం కుదరక బీరతీగ చచ్చిపోయింది.

చివరికి పురపాలక సంఘం ఆఫీసుకు వెళ్లింది. వరండాలో నీడలు గుట్టలుగా పడి ఉన్నాయి, వాటి మీద కాగితాలు పెట్టుకుని గుమాస్తాలు పని చేసుకుంటున్నారు. తన నీడ ఆ గుట్టల్లో లేదు. బయట, ఒక పెద్ద కారు కింద పరిచి ఉంది. కారులో ఎవరూ లేరు. సీట్లు వేడెక్కకుండా వేశారట. ఒక మూల చిరిగితే మునగనీడ ముక్కతో తను అతుకేసిన గుర్తు స్పష్టంగా కనిపించింది.

"వచ్చే పెద్దలు వచ్చి వెళ్లారా బాబూ?" అని అడిగింది.

"వాయిదా పడిందమ్మా. ఎండలు తగ్గాక వస్తారట," అన్నాడు శ్రీహరిరావు.

"మరి నా నీడ ఇచ్చేయండి. మనిషి కమిలిపోతున్నాడు."

"సేవలో ఉన్న నీడను మధ్యలో తియ్యకూడదు. మీరు అర్జీ పెట్టుకోండి, ఏదో ఒకటి చేస్తాను."

అన్నమాట ప్రకారం ఏదో ఒకటి చేశాడు. నాలుగు రోజుల్లోపే కూలీలు ఒక నీడ తెచ్చి వేపచెట్టు కింద పరిచిపోయారు. దట్టంగా, నల్లగా, చల్లగా ఉంది. నాంచారమ్మ ఒక్క క్షణం చేతులెత్తి దణ్ణం పెట్టింది కూడా. తర్వాత వంగి చూసింది. ఆకులు సన్నగా, జంటలు జంటలుగా ఉన్నాయి. అది చింతనీడ.

రోగిష్టి మనిషిని చింతచెట్టు కింద పడుకోబెట్టే ఇల్లాలు ఆ చుట్టుపక్కల పుట్టలేదు. చింతనీడలో నిద్రపోతే ఉన్న ఓపిక కూడా పీల్చేస్తుందని వాళ్లకి ఉగ్గుపాలనాడే తెలుసు. ఆమె మళ్లీ ఆఫీసుకు పోతే, కొలతలు సరిపోయాయి కదా, ఆకారంతో మీకేం పని అని అడిగారు. ఎండలో నిలబడి వచ్చిన మనిషిని అడగవలసిన మాటే. నాంచారమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

పేరయ్య మాత్రం మంచంలోంచి నవ్వబోయాడు. మూతి ఒక పక్కకే కదిలింది.

"వెయ్యవే నన్ను చింతనీడలోనే. ఇంకా పీల్చడానికి నాలో ఏవుందని?"

"నోరుముయ్యి," అంది నాంచారమ్మ. "నేనుండగా నీకు చింతనీడ ఏంది?"

అని ఆ చింతనీడను చుట్టి కోళ్లగూటి మీద పారేసింది. మంచాన్ని ఎప్పటి చోటికే లాగింది. దాని పక్కన, ఎండకీ ఆయనకీ మధ్య, తను నిలబడింది. మంచి ఎండలో మనిషి నీడ కాస్త కురచగానే పడుతుంది. తల, ఛాతీ, నడుము వరకు కప్పింది. పాదాలు బయటే ఉండిపోయాయి. వాటికి తడిగుడ్డ చుట్టింది. పొద్దు జరిగినప్పుడల్లా తనూ ఓ అడుగు జరిగేది. చేతికందినంత మేర మల్లెమొగ్గలు కోసేది, కాలికందినంత మేర గడ్డి పీకేది. పెరటి పని ఆగకూడదు కదా.

"నీకు ఎండ తగలట్లా?" అన్నాడు పేరయ్య.

"నాకు అలవాటేగా."

అలవాటని ఎందుకందో ఆమెకే తెలియదు. అలవాటు లేదు. నెత్తి మాడు పగిలిపోతోంది, కళ్లముందు పచ్చగా తిరుగుతోంది. కానీ ఆ మాట నోట్లో ఎప్పట్నించో సిద్ధంగా ఉంది, అడగ్గానే వచ్చేసింది.

నీడ ముట్టినట్టు సంతకం కోసం శ్రీహరిరావు వచ్చినప్పుడు ఆమె అలాగే నిలబడి ఉంది. ఆయన మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, నేల మీద ఆమె నీడను వేలితో తాకి చూశాడు. ఎక్కడా చిరుగు లేదు, చిల్లు లేదు, కదలమంటే కదులుతోంది, గోడ దాటి పోదు.

"ఇంత మంచి నీడ ఇంట్లో పెట్టుకుని మా చుట్టూ తిరిగారేంటమ్మా," అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం ఉంది, అబద్ధం లేదు. పై అధికారులకు రాశాడు. వాళ్లు ఆలోచించి, ఆడమనిషి ఉన్న ఇంటికి నీడ ఉన్నట్టే లెక్క అని ఉత్తర్వు పంపారు. దాంతో పేటలో మిగిలిన వేపనీడలూ, మామిడినీడలూ, ఆఖరికి చిల్లులు పడ్డ రమీజాబీ జామనీడా బళ్లకెత్తారు. మర్నాటి మధ్యాహ్నానికి సందు పొడుగునా ప్రతి పెరట్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. గోడకి ఇవతల నాంచారమ్మ, అవతల ముసలి మామగారి మంచం దగ్గర రమీజాబీ.

"చెప్తే విన్నావా అక్కా," అంది రమీజాబీ.

నాంచారమ్మ తల తిప్పలేదు. తిప్పితే ఆయన మొహం మీద ఎండ పడుతుంది.

ఎండలు తగ్గినా పెద్దలూ రాలేదు, నీడలూ తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఎండలు ముదిరాక పోటీ మళ్లీ పెట్టారు. ఈసారి పేరిచ్చే పని లేకుండా వాళ్లే తిరిగి చూసుకున్నారు. మొదటి బహుమతి మళ్లీ నాంచారమ్మకే. సభకి రమ్మని కబురు పెడితే, కదిలితే మనిషి ఎండలో పడతాడని చెప్పి పంపింది. పెద్దమనసుతో వాళ్లే పెరట్లోకి వచ్చారు. ఎర్రటి ఎండలో, నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే ఉంచి, జరీ అంచు శాలువా కప్పి, ఫోటో తీసుకున్నారు.

శాలువా గుడ్డే అయినా సభ గుడ్డ. కాబట్టి దానికి నీడ ఉంది. అయితే ఆ నీడ సన్మానం పొందిన భుజాల మీద ఉన్నంతవరకే పడుతుందని, తీస్తే అదీ మామూలు గుడ్డేనని, వెళ్తూ వెళ్తూ శ్రీహరిరావు చెప్పాడు. ఆమెకు అంతగా వినపడలేదు. ఆమె చూపు నేల మీద ఉంది. శాలువా అంచుల వల్ల నీడ జానెడు సాగి, పేరయ్య పాదాలు కూడా లోపలికి వచ్చాయి. ఆయన పాదాల తడిగుడ్డ కాలి బొటనవేలితో తనే తోసేసుకుని, చాలా రోజుల తర్వాత గురకపెట్టి నిద్రపోయాడు. నాంచారమ్మ శాలువాను రెండు చేతులతో ఇంకాస్త వెడల్పుగా పట్టుకుని, పొద్దు తిరిగిన వైపు ఒక అడుగు జరిగింది.