విద్యుద్వీరుని పెయ్యి

ఆ సోమవారం పొద్దున్న శామ్యూల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తిని, చందానగర్‌లోని పత్రిక ఆఫీసుకు వెళ్లి, అక్టోబరు సంచిక కథ తెచ్చుకుని, మధ్యాహ్నానికల్లా మొదటి పేజీ గీయడం మొదలుపెట్టాలి. ఇందులో ఎవరికైనా ఏ ప్రమాదమైనా కనిపిస్తుందా? శామ్యూల్‌కూ కనిపించలేదు.

'విద్యుద్వీర' మాసపత్రికలో బొమ్మలు అతనివి, కథ ఐలయ్యది. శామ్యూల్‌ది బాపట్ల. బడిలో డ్రాయింగు మాస్టారి ఉద్యోగం వదులుకుని, ఈ వీరుణ్ణి నమ్ముకుని హైదరాబాదు వచ్చి మూడేళ్లయింది. ఐలయ్యది సిద్దిపేట వైపు. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఒక మేడకు సెక్యూరిటీ సూపర్‌వైజరు. గేటు దగ్గర కుర్చీలో కూర్చునే నెలకో కథ రాసేస్తాడు. ఆ కథలో ప్రతి పేజీ చివరా వీరుడు ఏదో ఒక ఆపదలో ఇరుక్కుంటాడు, పేజీ తిప్పకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. ఇక శామ్యూల్ బొమ్మలో వాన కురిస్తే చదివేవాడు తన చొక్కా తడుముకుని చూసుకోవలసిందే. ఇంత చక్కగా కుదిరిన జంట ఆర్నెల్లుగా మాట్లాడుకోవడం లేదు. పత్రిక బలం రాతలో ఉందా, గీతలో ఉందా అన్న ముక్క దగ్గర మాటా మాటా పెరిగింది.

సంపాదకుడు పట్టాభిరామయ్య వాళ్లిద్దరి మధ్యా రాయబారి. ఐలయ్య మాటల్ని పుస్తకాల తెలుగులోకి మార్చి శామ్యూల్‌కు అందించేది ఆయనే. ఈసారి మాత్రం కాగితాలు ఉన్నవి ఉన్నట్టే చేతిలో పెట్టాడు.

"మాదాపూర్ సీడీల కంపెనీవాళ్లు ఈ సంచిక చూస్తారటయ్యా. నచ్చితే మన వీరుణ్ణి కంప్యూటర్లో కదిలిస్తారు. రాత బలమెంతో, గీత బలమెంతో విడివిడిగా చూస్తామన్నారు. అందుకని నేను దేన్లోనూ వేలు పెట్టను."

"నచ్చకపోతేనండీ?"

"ఇదే ఆఖరి సంచిక."

శామ్యూల్ మదీనాగూడలోని తన గదికి వచ్చి భయంభయంగా కథ తెరిచాడు. 'పిడుగు వడంగనే వీరుని పెయ్యి మెరుస్తది. పెయ్యి గాలిలకు లేస్తది.' అక్కడే ఆగిపోయాడు. బాపట్ల వైపు పెయ్య అంటే ఆడదూడ, పెయ్యి అన్నా అదే కాబోలు. మూడేళ్లుగా ఒంటరిగా తిరుగుతున్న వీరుడికి దూడ ఎప్పుడొచ్చింది? ముందుకు చదివాడు. 'పెయ్యి మీది అంగీ చినిగిపోతది.' దూడకు చొక్కా! 'డాక్టరమ్మ పెయ్యి మీద చెయ్యివెట్టి, జరమచ్చింది అంటది.'

ఐలయ్యను అడిగితే తేలిపోయే సంగతే. కాని ఆర్నెల్ల పంతం తర్వాత అడగడమంటే ఓడిపోవడమే. "చచ్చినా అడగను. దూడ రాశాడుగా, దూడే వేస్తాను," అనుకున్నాడు శామ్యూల్.

వేయాలంటే ఒకసారి దగ్గరగా చూడాలి. రెండిళ్ల అవతల పాలమ్మే లచ్చమ్మకు ముచ్చటైన ఆడదూడ ఉంది. అరవై ఏళ్ల మనిషి, శామ్యూల్‌కు రోజూ పాలు పోసేది ఆవిడే. ఆవిడదీ ఈ వైపే కాబట్టి, మర్యాదగా ఉంటుందని ఐలయ్య కాగితంలో మాటే వాడి అడిగాడు.

"లచ్చమ్మగారూ, ఒక్క గంటసేపు మీ పెయ్యి చూస్తూ బొమ్మ గీసుకుంటానండి. మీ పెయ్యి చాలా బాగుంటుందండి."

లచ్చమ్మ చేతిలో పాలగిన్నె ఆగిపోయింది. "ఏందీ?"

"కదలకుండా నిలబడితే చాలండి. కదిలితే తాడుతో కట్టేద్దాం."

పాలగిన్నె అతని చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది. "నీ నోట్ల మన్నువడ! బొమ్మల సారువని మంచిగనుకున్న! ఇగ నా వాకిట్ల కనవడితే కాళ్లిరగ్గొడ్త!"

దూడకు దిష్టి తగులుతుందని కాబోలు, అనుకుంటూ శామ్యూల్ ఇంటికి పరుగెత్తాడు. సాయంత్రానికి మదీనాగూడలో పాలమ్మే ఆడవాళ్లందరికీ కబురు పాకింది. ఆ నెలంతా అతనికి నల్ల టీయే గతి.

దూడను చివరికి జ్ఞాపకం మీదే గీశాడు. మొదట చిరాగ్గా మొదలుపెట్టినా, కళ్లు వేసేసరికి మనసు కరిగింది. చిరిగిన చొక్కాతో, జ్వరంతో, హైటెక్ మేడల మీదుగా బెదురుచూపులతో ఎగురుతున్న ఆ దూడంత జీవమున్న బొమ్మ తను ఇంతవరకూ వేయలేదని అతనికే అనిపించింది. పేజీలు తిన్నగా అచ్చుకు పోయాయి. వేలు పెట్టనన్న పట్టాభిరామయ్య అన్నమాట ప్రకారం కన్ను కూడా పెట్టలేదు.

సంచిక అచ్చయి వచ్చిన రోజు కంపెనీ నుంచి షారోన్ అనే అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. శామ్యూల్, ఐలయ్య కూడా అక్కడే ఉన్నారు. పట్టాభిరామయ్య సంచికల కట్ట విప్పి ఆమెకొకటి, ఐలయ్యకొకటి ఇచ్చాడు. ఐలయ్య మూడు పేజీలు తిప్పి, ఆర్నెల్ల మౌనం వదిలేశాడు.

"ఏంది సారూ గిది? నా కథల దూడెట్లొచ్చింది?"

"మీరే కదండీ రాశారు! పెయ్యి, పెయ్యి అని పాతికసార్లు!"

"అయ్యో నా తండ్రీ! పెయ్యంటే ఒళ్లు! మనిషి ఒళ్లు!"

శామ్యూల్‌కు ముందు లచ్చమ్మ గుర్తొచ్చింది. తాడుతో కట్టేద్దామన్న మాట గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఆ వెనకే అసలు సంగతి తట్టింది. తన పంతం వల్ల పత్రిక మునిగిపోయింది, మూడేళ్ల కష్టం మట్టిలో కలిసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు షారోన్‌తో. "ఆయన రాత బంగారంలాంటిది. అడగకుండా నేనే పాడుచేశాను."

ఐలయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. "ఆయనను ఏమనకుండ్రి మేడం. ఆయన బొమ్మలకు వంక లేదు. సమజయ్యేటట్టు రాయకపోవుడు నా తప్పు."

షారోన్ చివరి పేజీ చదివి మూసింది. "హీరోలు మా దగ్గరికి చాలామంది వచ్చారండీ. అందరూ ఎగురుతారు. చొక్కా చిరిగిపోయి, జ్వరంతో ఎగిరే దూడ మాత్రం ఎవరి దగ్గరా లేదు. ప్రతి పేజీ చివరా దానికేమవుతుందోనని కంగారుపడ్డాను, అది రాత బలం. దాని కళ్లు చూస్తే ఎత్తుకోవాలనిపించింది, అది గీత బలం. సీడీ చేస్తాం. వీరుడు వద్దు, దూడ చాలు. ఇంతకీ ఈ దూడ ఐడియా ఎవరిదండీ?"

"నాదండీ!" అన్నాడు శామ్యూల్, లేచి నిలబడి.

"మాట రాసింది నేను!" అన్నాడు ఐలయ్య, కళ్లు తుడుచుకుని.

"సరే, ఇద్దరి పేర్లూ వేస్తాం. సీడీలో దూడ మాట్లాడాలి మరి. డైలాగులు రాసివ్వండి."

"మా దిక్కు మాటే మాట్లాడ్తది."

"పుట్టింది నా కుంచెలోంచండీ. చక్కగా అండీ అంటుంది."

పట్టాభిరామయ్య ఇక వేలు పెట్టక తప్పదనుకుని కలం తీశాడు. దూడ మాట్లాడవలసిన చోటల్లా 'అంబా' అని రాసి, ఈ మాటకు ఏ జిల్లాలోనూ ఇంకో అర్థం లేదని చెప్పాడు.