దొంగతనానికి నోచుకోని హోర్తెన్సియా

ఆ ఉదయం అరెపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, కాలుస్తూనే రోస్మీరా ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ ఎదురింట్లో దొంగతనం చెయ్యాలి. మూడు నెలల్లో రాబోయే పూల పండగకి ఊరిపెద్దలు వీధులన్నీ తిరిగి, అందమైన పూలవాకిలి ఉన్న ఇంటికి ఇత్తడి పలక బహూకరిస్తారు. కొన్నేళ్ళుగా ఆ పలక ఎదురింటి వితంతువు ఒబ్దూలియా గుమ్మాన్ని వదిలి రావడం లేదు. రోస్మీరా వాకిట్లో ఒక్క ఋతువుకే తల వాల్చేసే పూలకు చోటు లేదు. ఎర్ర జెరేనియంలూ, పసుపు లిల్లీలూ, గులాబీరంగు బిగోనియాలూ ఏళ్ళ తరబడి పూస్తూనే ఉన్నాయి. లేనిదల్లా నీలం. ఆ నీలం ఒబ్దూలియా హోర్తెన్సియా మొక్కకుంది, పసిపిల్లల తలకాయలంత గుత్తులతో.

అడిగితే ఇస్తుంది. అదే వచ్చిన చిక్కు. ఇచ్చిన మొక్క ఎండిపోతుందని, కొట్టుకొచ్చిందే వేరు పట్టుకుంటుందని ఈ ఆంటియోకియా కొండల్లో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆదివారం ప్రార్థన తప్పని ఆడవాళ్ళు కూడా పూల దగ్గరకొచ్చేసరికి దేవుణ్ణి కాస్త అటు తిరగమంటారు.

బెల్లం అచ్చు బదులడిగే మిషతో రోస్మీరా ఏప్రన్ జేబులో కత్తెర దాచుకుని వెళ్ళింది. ఒబ్దూలియా లోపలికి వెళ్ళగానే కొమ్మ పట్టుకుంది. కత్తెర పడకముందే వెనక నుంచి గొంతు వినిపించింది.

"అయ్యో దోన్యా రోస్మీరా, అడగచ్చుగా! కొమ్మేం ఖర్మ, కుండీయే తీసుకెళ్ళండి!"

"వద్దండీ, వద్దు! పురుగేమైనా పట్టిందేమోనని చూస్తున్నానంతే."

"నా మొక్కకి పురుగా?" ఒబ్దూలియా మొహం మాడిపోయింది. వెంటనే వీధంతా వినపడేలా గొంతు పెంచింది. "మనస్ఫూర్తిగా ఇస్తున్నాను! నూబియా, నువ్వే సాక్షి!"

పక్కింటి నూబియా కిటికీలోంచి తలూపింది. మనసారా ఇచ్చిన మొక్క బతకదని ఒబ్దూలియాకీ బాగా తెలుసు. రోస్మీరా కుండీని శవాన్ని మోసుకొచ్చినట్టు ఇంటికి తెచ్చింది.

"లేవయ్యా!" అని మొగుడు లిబార్డోని కుదిపింది. "ఇది చచ్చిన మొక్కే. పెద్దమనుషుల ముందు ఎండుకట్టె పెట్టుకు కూచోనా? పెరటిదారిన వెళ్ళి ఆవిడింట్లో పెట్టిరా. తర్వాత నేనెళ్ళి పద్ధతిగా దొంగిలిస్తా."

"ఇచ్చింది తిరిగిచ్చి, మళ్ళీ దొంగిలించడమా? నీకేమైనా మతి పోయిందా?"

"మొక్కల సంగతి నీకేం తెలుసు? నడు!"

వీధి కునుకు తీసే మధ్యాహ్నం, లిబార్డో పూలకుండీ గుండెలకు హత్తుకుని, పిల్లిలా అడుగులేస్తూ వితంతువు పెరట్లో దూరాడు. నూబియా కునుకు తీయలేదు. ఆమె నోట బయల్దేరిన కుండీ రొట్టెల కొట్టు చేరేసరికి పూలగుత్తి అయింది. చర్చి మెట్లెక్కేసరికి ముద్దు అయింది.

రోస్మీరా కత్తెరతో బయటికొచ్చేసరికి ఒబ్దూలియా గుమ్మం ముందు ఆడవాళ్ళంతా చేరారు.

"అయ్యో, పొడిచేస్తుంది! పట్టుకోండి!" అని నూబియా కేక పెట్టింది.

"ఆ బట్టతలాయనతోనా? నాకేం ఖర్మ!" అంటోంది ఒబ్దూలియా. తప్పు చేసినవాళ్ళు అలాగే అంటారని అందరూ తలలూపారు.

రోస్మీరాకి అప్పుడు విషయం అర్థమైంది. మొగుడు చేజారాడనిపించుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడం నయమనుకుంది. "ఆయన్ని పంపింది నేనే! కుండీ అక్కడుంటే మళ్ళీ దొంగిలిద్దామని!"

నూబియా కళ్ళు ఒత్తుకుంది. "చూశారా? మొగుణ్ణి కాపాడుకోడానికి దొంగనని కూడా ఒప్పుకుంటోంది. ఏం ఇల్లాలమ్మా!"

ఆ సాయంత్రం నుంచి ఓదార్పులు మొదలయ్యాయి. ఒకావిడ నీలం పూలు పూసే అగపాంథస్ దుంపలు తెచ్చింది, ఇంకొకావిడ ఊదారంగు ఫ్యూషియా, మరొకావిడ నీలం సాల్వియా. అన్నీ కన్నీళ్ళతో ఇచ్చినవే. చచ్చిపోతాయని తెలిసీ రోస్మీరా కాదనలేక నాటింది. ఒక్కటంటే ఒక్కటీ చావలేదు. పండగ నాటికి వాకిలి నిండా నీలమే.

ఒబ్దూలియా గడప తొక్కడానికి పెద్దమనుషులు మొహమాటపడ్డారు. పలకని రోస్మీరా చేతిలో పెడుతూ, "ఇంత కష్టం కడుపులో దాచుకుని కూడా ఇన్ని పూలు పూయించిన తల్లికి" అన్నారు. అసలు సంగతి చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. పలక చాలా మెరుస్తోంది. నోరు మూసుకుని, ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

లిబార్డో మాత్రం అప్పట్నుంచి రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.