తోడుకోని పాలు

ఆ పొద్దున రాజమణి పెట్టుకున్న పని చాలా చిన్నది. భర్త చెయ్యి బాగుచేసే మందు పంపిన దేశాల తరఫున ఒక దొరసాని డాక్టరు ఆత్మకూరు వస్తోంది. సాలెవాడకు రాగానే ఆమెకు తన బర్రె పాల మజ్జిగ ఒక చెంబెడు ఇవ్వాలి. అంతే.

ఆమె భర్త వెంకటరాజం కుడి అరచేతిలో మగ్గం పేడు గుచ్చుకుని చీము పట్టింది. మగ్గం తాడు లాగి నాడెను పరుగెత్తించే చెయ్యి అదే. ఆ చెయ్యి ఆడకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. దవాఖాన డాక్టరు అప్పుడే పరదేశాల నుంచి కొత్తగా వస్తున్న పెన్సిలిన్ సూదిమందు రాసిచ్చి, వారం రోజులు విడవకుండా సూది వేయమని కాంపౌండర్ జానయ్యను పంపాడు. వారం సగం కూడా గడవకముందే వాపు దిగిపోయింది. అదే సమయానికి బర్రె పొదుగు వాచింది. బాగైన మనిషికి ఇంకా మందు పోయడం రాజమణికి దండగనిపించింది.

"జానయ్యన్నా, గీయనకు తగ్గిపాయె. మిగిలిన మందు జర బర్రెకు ఎక్కియ్యరాదె. వాపు ఎక్కడున్నా వాపే గద."

"గిది మనుషుల మందమ్మా."

"మా ఇంట్ల బర్రె మనిషి లెక్కనే."

జానయ్య మంచివాడు. ఎవరికీ కాదని చెప్పలేకపోవడమే అతనికున్న రోగం. మందు కలిపి బర్రె చన్నుల్లోకి ఎక్కించాడు. మర్నాటికి పొదుగు మెత్తబడింది. రాజమణి ఆ పాలు ఎప్పటిలాగే వాడంతా పోసి, తన పాలలో పక్కింటి ఉప్పలమ్మ దగ్గర తెచ్చిన తోడు వేసి పడుకుంది.

పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఆమె నేరుగా ఉప్పలమ్మ గడప తొక్కింది.

"నీ తోడు పాడైంది వదినా. దొరసాని ముంగట నా ఇజ్జత్ పోతది."

"నా తోడుకేమైంది? నా కుండల గూడ పేరుకోలే. బిక్షమ్మ ఇచ్చిందే నీకిచ్చిన."

బిక్షమ్మ ఊరుకునే రకం కాదు. తన కుండ చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అందులోనూ పాలే. తమ పాలూ తోడుకోలేదంటూ మిగతా ఇళ్ళవాళ్ళూ కుండలతో దిగారు. దిష్టి తగిలిందని ఒకరు, పాలలో నీళ్ళు కలిశాయని ఒకరు అన్నారు. నిరుడు నేతకు సాచిన పడుగు నూలు తెంపిన పగ ఇలా తీర్చుకుంటున్నారని ఇంకొకరు. ఆ గొడవలో వీధి పొడవునా సాచిన పడుగు మీద ఎవరో కాలు వేశారు. పోగులు పటపటా తెగాయి. ఇక పాల మాట మరచిపోయి అందరూ పడుగు గురించి పోట్లాడుకున్నారు.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. దారి లేదు. కుండలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళను చూసి, అది తమకు స్వాగతమేమోనని దొరసాని నమస్కారం పెట్టింది. ఆమెతో పాటు జీపు దిగిన దవాఖాన డాక్టరు సంగతి కనుక్కుని ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆ బర్రెకు ఏమన్నా మందు పోశారా అని అడుగుతున్నది," అన్నాడు డాక్టరు.

జానయ్య తన సైకిల్ చక్రంలో గాలి ఉందో లేదో చూడడంలో మునిగిపోయాడు. రాజమణి తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. ఆ మందే పాలలోకి దిగి తోడును పనిచేయనివ్వలేదని డాక్టరు అనగానే, ఉప్పలమ్మ, బిక్షమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

"మీ ఆయన చెయ్యి చూపించు," అన్నాడు డాక్టరు.

వెంకటరాజం తువ్వాల కింద దాచిన చెయ్యి తీశాడు. అది మళ్ళీ ఉబ్బి ఉంది.

"నిన్నటి సంది సలుపుతాంది. గామె బర్రె బాగైందని సంబరపడుతుండె. ఎట్ల జెప్పాలె," అన్నాడు.

మళ్ళీ అదే మందు మొదలుపెట్టారు. ఈసారి అది పనిచేయలేదు. సగం దెబ్బ తిని బతికిన క్రిములు మందును లెక్కచేయడం మానేశాయి. పాలమూరు పెద్ద దవాఖానలో వెంకటరాజం కుడి చేతి వేళ్ళు రెండు తీసేశారు. మంచం పక్కన కూర్చుని రాజమణి ఏడ్చింది. పరామర్శకు వచ్చిన దొరసాని కాళ్ళు పట్టుకోబోయింది.

"నా చేతులార నేనే చేసిన డాక్టరమ్మా. నన్ను తిట్టు."

దొరసాని తిట్టలేదు. మెల్లగా ఏదో చెప్పింది. దాన్ని తెలుగులో చెప్పడానికి డాక్టరుకు కొంచెం సమయం పట్టింది.

"వాళ్ళ దేశంలో కోళ్ళు తొందరగా బలవాలని దాణాలోనే ఇట్లాంటి మందులు కలుపుతారట. నువ్వు తెలియక చేసినవు, మేం తెలిసి చేస్తున్నాం అంటున్నది."

రాజమణి కళ్ళు తుడుచుకుని ఆమె వంక చూసింది.

"మరి మానరాదా?"

"ఒక్క దేశం మానితే సరిపోదట. అన్ని దేశాలవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలట."

తప్పకుండా కూర్చుంటామని మాట ఇచ్చి దొరసాని వెళ్ళిపోయింది. ఆ దేశాలవాళ్ళు కూర్చోకముందే వెంకటరాజం ఎడమ చేత్తో మగ్గం తాడు లాగడం నేర్చుకున్నాడు.